ఎన్ని ఉన్నాయో రాయండి

(పరిటాలలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



గుమాస్తాగారి అసలు పేరు ఆహ్వానపత్రికలో ఉంది గానీ, ఆ పేరుతో ఆయన్ని ఈ ఊళ్ళో ఎవరైనా పిలవగా నేను వినలేదు. నందిగామలో ఒక బట్టల కొట్లో కుర్రతనంలో చేరి, అక్కడే తల నెరిసి, కొట్టు మానేశాక ఊళ్ళో వినియోగదారుల సంఘం పెట్టిన మనిషి. కేసుల పని మీద విజయవాడలో నా ఆఫీసుకు వచ్చేవారు. గల్లాపెట్టెకు ఇవతలి లెక్కా అవతలి లెక్కా రెండూ తెలిసినవారు కనుక వర్తకుణ్ణి ఊరికే తిట్టడం ఆయనకు గిట్టేది కాదు. కొట్టువాడు నాలుగు డబ్బులు మిగుల్చుకోకపోతే రేపు కొట్టే ఉండదు కదండీ అనేవారు. కొనేవాడు వట్టి చేతులతో ఇంటికెళ్ళడం కూడా అంతే గిట్టేది కాదు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు విషయం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. పండగ ఆఫర్లు, అందులోనూ ‘స్టాక్ ఉన్నంత వరకే’ అని నడిపే ఆఫర్లు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో బస్సు టైమయిందని లేచేవారికి అనుకూలంగా ఉంటుంది. కొద్దిపాటి సరుకు పెట్టి తక్కువ ధరకు అమ్మడం తప్పు కాదు. ఆ సరుకు ఎంతో చెప్పకుండా ముప్పై కిలోమీటర్ల అవతలి మనిషిని రప్పించడం తప్పు. మన చట్టం ఈ రెండోదాన్ని తప్పనే అంటుంది. కానీ ఆ సంఖ్యను ప్రకటనలో వెయ్యమని మాత్రం ఎక్కడా అడగదు. నా ఫిర్యాదంతా దాని మీదే.

మన మెట్టలో ఆఫర్ల క్యాలెండరు పంటల క్యాలెండరు వెనకాలే నడుస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది, బట్టల కొట్లో ఈగలు తోలుకోవాలి. శ్రావణం వస్తే ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతం. కొత్త సరుకు దిగాలంటే అరలు ఖాళీ కావాలి. ఆషాఢం తగ్గింపు పుట్టింది అందుకు. మిగిలిన సరుకును మిగిలిన సరుకుగానే చెప్పి ఇచ్చేవారు, పుచ్చుకునేవారికీ ఆ సంగతి తెలుసు. తర్వాత్తర్వాత ఆషాఢం కోసమే వేరే సరుకు తెప్పించడం మొదలయింది. ఏనాడూ ఆ ధరకు అమ్మని చీర మీద పెద్ద ధర వేసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్న ధర వెయ్యడం. ఆ పైన దసరా, దీపావళి. అప్పటికి పత్తితీతలు మొదలై ఆడవాళ్ళ చేతిలో కూలి డబ్బులు ఆడతాయి. సంక్రాంతికి ఇంకాస్త. మిరప కళ్ళాలు తేలి ఉగాది వచ్చేసరికి రైతు చేతికీ డబ్బు అందుతుంది. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట సందుల్లోకి మైకు కట్టిన ఆటో ఏ వారం వస్తుందో చూస్తే ఇక్కడ ఏ పంటకు డబ్బులొచ్చాయో చెప్పెయ్యొచ్చు.

గుమాస్తాగారి రెక్సిను సంచిలో ఎప్పుడూ కరపత్రాలుండేవి. పేపర్లో మడిచి వచ్చేవే. అందులో ఒకటి నా దగ్గర ఉంది, కొట్టు పేరు చెప్పను. లేత గులాబీ కాగితం. ఒక పక్కంతా పట్టుచీర కట్టిన అమ్మాయి. ఆమె భుజం పక్కన ధర, దాని నెత్తిన ‘మొదట వచ్చిన వారికే’. పేజీ అడుగున, ప్రెస్సు పేరుకు కాస్త పైన, చిన్న నక్షత్రం గుర్తు. ఆ గుర్తు పక్కన ముదురు గులాబీ సిరాతో, ఇంగ్లీషులో, ‘షరతులు వర్తిస్తాయి, స్టాక్ ఉన్నంత వరకే’ అని. రమ్మనేదంతా తెలుగులో ఉంది, షరతు దగ్గరికొచ్చేసరికి భాష మారిపోయింది. గుమాస్తాగారు కొట్లో వాడిన మీటరు బద్ద పెట్టి కొలిచి మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నారు: ధర అంకె ఎత్తు నాలుగు సెంటీమీటర్లు, షరతు అక్షరం ఎత్తు మిల్లీమీటరున్నర.

ఆ కాగితం పట్టుకుని ఇక్కడి నుంచి ఒకామె బయల్దేరిందనుకోండి. ఆ రోజు కూలి పోయింది. పిల్లవాణ్ణి పక్కింట్లో దించింది. హైవే మీద, మన ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర బస్సు కోసం నిలబడింది. విజయవాడలో దిగి, ఇంకో బస్సెక్కి, లైన్లో నిలబడి కౌంటరు దగ్గరికి చేరేసరికి పదకొండు.

“బాబూ, ఈ కాగితంలో చీర...”

“అది పొద్దున్నే అయిపోయిందమ్మా. అదే డిజైన్లో ఇది చూడండి, ఇంకా బావుంటుంది.”

ఇది దానికి మూడు రెట్ల ధర. ఆమె ఏం చేస్తుంది? అంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్తే ఇంట్లో నవ్వుతారు. కొంటుంది. కొట్టువాడు లెక్క వేసుకున్నదీ దాని మీదే. ఆఫరు చీర మీద నష్టం ఎంతో అతనికి పైసలతో సహా తెలుసు. ఆ చీర కోసం వచ్చి ఇంకోటి కొనేవాళ్ళు సుమారు ఎంతమందో కూడా తెలుసు. తెలియనిది ఆమెకు మాత్రమే. పొద్దున తలుపు తీసేసరికి అక్కడ అయిదు చీరలున్నాయో, అయిదు వందలున్నాయో.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. మన దేశంలో ఈ సంగతి మొదట రాసింది 1969 నాటి గుత్తాధిపత్య వ్యాపారాల చట్టంలో, ఎమ్మార్టీపీ అని అందరూ అనేది. మొదట్లో అందులో వినియోగదారుడి ప్రస్తావనే పెద్దగా లేదు. సచార్ కమిటీ సిఫార్సుల తర్వాత 1984లో 36-ఎ సెక్షన్ చేర్చి, అనుచిత వ్యాపార పద్ధతులంటే ఏమిటో చెప్పారు. అందులోనే ‘తగ్గింపు ధర’ ప్రకటనల సంగతి ఉంది. ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా ప్రకటన ఇచ్చినా, వ్యాపారం స్థాయినీ మార్కెట్ తీరునూ ప్రకటన తీరునూ బట్టి చూస్తే సబబు అనిపించేన్ని రోజులు, సబబు అనిపించేంత సరుకు పెట్టకుండా ప్రకటన ఇచ్చినా అది అనుచితమే. 1986 వినియోగదారుల రక్షణ చట్టం ఆ నిర్వచనాన్ని తీసుకుంది. 2019 చట్టంలో 2(47) కింద అదే మాట, దాదాపు అదే వరసలో ఇప్పటికీ ఉంది.

నలభై ఏళ్ళుగా ఉన్న మాట. కోర్టుల్లో దాని మీద జరిగిన వాదన మాత్రం తక్కువే. నాకు తోచిన కారణం ఒకటే. ‘సబబైనంత’ అన్నప్పుడు ఎంత అని అడగాలి. అడగాలంటే అసలు ఎన్ని పెట్టారో ముందు తెలియాలి. అది కొట్టువాడి స్టాకు రిజిస్టర్లో ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నది గులాబీ కాగితం.

2019 చట్టంలో ‘ప్రకటన’కు ఇచ్చిన నిర్వచనం ఒకసారి తీరిగ్గా చదవండి, సరదాగా ఉంటుంది. కాగితం, టీవీ, ఇంటర్నెట్ సరే, వెలుతురుతో, శబ్దంతో, పొగతో, గ్యాసుతో చేసినా ప్రకటనేనట. పొగతో పండగ ఆఫరు చెప్పినవాణ్ణి నేనింకా చూడలేదు. శబ్దం మాత్రం మనకు బాగా పనికొస్తుంది. మైకు ఆటో అందులోకి వస్తుంది. కరపత్రం, కొట్టు ముందు బోర్డు, బిల్లు మీద అచ్చు, కవరు మీద అచ్చు అన్నీ వస్తాయి.

2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సీసీపీఏ అంటారు, 2020 జులైలో ఏర్పడింది. ఆ మార్గదర్శకాల్లో మన విషయానికే ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. తక్కువ ధర చూపించి జనాన్ని రప్పించే ప్రకటనకు వాళ్ళు పెట్టిన పేరు ‘ఎర ప్రకటన’. ఎర వెయ్యొద్దని అనలేదు, వేస్తే ఈ పద్ధతులు పాటించమన్నారు. చెప్పిన ధరకు అమ్మే అవకాశం నిజంగా ఉండాలి. ఆ ప్రకటన చూసి ఎంతమంది వస్తారో అంచనా వేసి దానికి తగ్గ సరుకు ఉంచాలి. వచ్చేవాళ్ళు సరుకును మించుతారని ముందే తెలిస్తే, స్టాకు పరిమితమని స్పష్టంగా చెప్పాలి. ఫలానా ఊళ్ళోనే, ఫలానా వయసువారికే అన్న షరతులుంటే దాచకూడదు. సరుకు దొరకదన్న భయం పెట్టి మామూలు కంటే నష్టపు బేరానికి మనిషిని ఒప్పించకూడదు.

షరతుల రాతకు కూడా అందులో రూలుంది. ప్రకటన ఏ భాషలో ఉందో షరతూ ఆ భాషలోనే ఉండాలి. అదే అక్షరాల తీరు ఉండాలి. కంటికి ఆనేచోట ఉండాలి. గొంతుతో చెప్పిన ప్రకటనైతే షరతు కూడా దానితోపాటే, అదే వేగంతో రావాలి. గుమాస్తాగారి గులాబీ కాగితం ఈ రూల్లో భాష దగ్గరే ఓడిపోతుంది. ఆయన బద్దతో కొలిచింది ఈ రూలు చదివి కాదు. కొట్లో కొలవడం అలవాటు, అంతే.

ఇంత మంచి రూల్లో లొసుగు ఎక్కడుందంటే, ‘స్టాకు పరిమితమని చెప్పాలి’ అన్న దగ్గరే ఉంది. పది చీరలూ పరిమితమే, పదివేల చీరలూ పరిమితమే. ‘స్టాక్ ఉన్నంత వరకే’ అన్న మూడు మాటలూ అచ్చేస్తే రూలు పాటించినట్టే అయిపోతే, ఇక్కణ్ణుంచి బస్సెక్కే మనిషికి దానివల్ల తెలిసిందేమిటి? వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆమెకు కావలసింది ఒక అంకె.

అధికారులు ఊరుకున్నారని కాదు. 2022 ఫిబ్రవరిలో టీవీలో వస్తువులమ్మే నాప్‌టోల్ సంస్థకు సీసీపీఏ పది లక్షలు జరిమానా వేసింది. రెండు బంగారు నగల సెట్టు, మోకాళ్ళకు అయస్కాంతపు పట్టీ, యోగా చెప్పులు, ఇలాంటి వాటి ప్రకటనల మీద. అందులో మనకు పనికొచ్చే ముక్క, ముందే రికార్డు చేసిన కార్యక్రమాన్ని అప్పుడే జరుగుతున్నట్టు చూపిస్తూ, ఇవాళ కొనకపోతే దొరకదన్నట్టు లేని కొరతను పుట్టించడం మానుకోమనడం. రికార్డు చేసిందైతే ఆ సంగతి తెర మీద చెప్పమన్నారు. 2025 ఆగస్టులో ర్యాపిడోకూ పది లక్షలు పడ్డాయి. అయిదు నిమిషాల్లో ఆటో రాకపోతే యాభై రూపాయలు అన్నారు. తీరా చూస్తే అవి రూపాయలు కాదు, యాప్‌లో కాయిన్లు, అవీ యాభై వరకు. ఆ షరతు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంది. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 2017 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ వుడ్‌ల్యాండ్ కేసులో ఒక సంగతి తేల్చింది. నలభై శాతం తగ్గింపని ప్రకటించి, బిల్లు దగ్గర తగ్గించిన ధర మీద మళ్ళీ వ్యాట్ కలపడం కుదరదంది.

ఈ మూడింట్లోనూ పెద్ద సంస్థలే పట్టుబడ్డాయి. టీవీ ప్రకటన ఢిల్లీలో కూర్చున్నవారికి కూడా కనపడుతుంది. జగ్గయ్యపేట సందులో తిరిగిన ఆటో మైకు అక్కడివారికి వినపడదు.

సంఖ్య చెప్పకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక షాపింగ్ మాల్ పది రూపాయలకే చీర అంది. తెల్లారేసరికి వందల మంది. తలుపు తీయగానే తోపులాట, ఆడవాళ్ళు పడిపోయారు, దెబ్బలు తగిలాయి, నగలూ డబ్బూ పోయాయని కొందరు ఏడ్చారు. అమ్మకం కాని చోట కూడా ఇదే తీరు. 2023 జనవరి 1న గుంటూరులో సంక్రాంతి కానుకల పంపిణీలో తొక్కిసలాట జరిగి ముగ్గురు మహిళలు చనిపోయారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 4న, తమిళనాడు వాణియంబాడిలో ఉచిత చీరల టోకెన్ల కోసం వచ్చి నలుగురు చనిపోయారు. ఈ చివరి రెండూ వ్యాపార ప్రకటనలు కావు, వినియోగదారుల చట్టం వీటి జోలికి రాదు. కానీ లైన్లో నిలబడ్డ మనిషి మనసు రెండు చోట్లా ఒకటే. ముందు ఎంతమంది ఉన్నారో కళ్ళకు కనిపిస్తుంది, లోపల ఎన్ని ఉన్నాయో తెలియదు. అందుకే తోస్తుంది. మనవాళ్ళకు క్రమశిక్షణ లేదని మర్నాడు పేపర్లలో రాసేవారితో నేను ఏకీభవించను.

ఇక్కడ పరిటాల గురించి ఒక మాట చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది వజ్రాల వల్ల. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్న పెద్ద వజ్రం, తర్వాత ఫ్రాన్సు రాజులకు చేరి రీజెంట్ అన్న పేరు తెచ్చుకున్నది, పరిటాల గనిదేనని కొన్ని పుస్తకాలు, కొల్లూరుదని మరికొన్ని రాస్తాయి. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ళకు పోయినా ఈ గనుల ఊళ్ళను నిజాం తన కిందే ఉంచుకున్నాడు. అందుకే చుట్టూ బ్రిటిషు కృష్ణా జిల్లా ఉంటే మధ్యలో పరిటాల 1947 దాటేదాకా నిజాం ఊరుగా ఉండిపోయింది. గుడిమెట్లలో ఇప్పటికీ వాన వెలిస్తే జనం నేల చూసుకుంటూ నడుస్తారు. పదిహేడో శతాబ్దంలో దక్కను గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అప్పటి వజ్రాల బేరం ఎలా జరిగేదో రాశాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు నడుముగుడ్డ విప్పి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. ఆ గుడ్డ కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్క ముక్క బయటికి రాదు. ఆ రోజుల్లో సరుకు ఎదురుగా ఉండేది, ధర గుడ్డ కింద ఉండేది. ఇప్పుడు ధర మైకులో ఉంది, సరుకు లెక్క గుడ్డ కిందకు పోయింది.

సంఖ్య రాయమనడం ఎక్కడా లేని కోరికేమీ కాదు. రేపు నందిగామలో ఏ ఎరువుల కొట్టుకైనా వెళ్ళండి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ రోజు తెరిచేసరికి ఏ ఎరువు ఎంత ఉందో, ధరెంతో డీలరు బోర్డు మీద రాసి పెట్టాలి. విత్తనాల కొట్లోనూ నిల్వ, ధర బోర్డు ఉండాలి. రేషన్ షాపులోనూ అంతే. ఆ బోర్డు సరిగ్గా రాస్తున్నారా లేదా అన్నది వేరే గొడవ, యూరియా లైన్లో నిలబడ్డవారికి నేను చెప్పేదేముంది. కానీ రాయకపోతే అడిగే హక్కుంది, అడిగితే డీలరు తడబడతాడు. కొద్దిపాటి మార్జిన్ చూసుకునే ఎరువుల డీలరు చాక్‌పీసుతో రోజూ రాయగలిగినప్పుడు, ప్రతి చీరకూ బార్‌కోడ్ అంటించి, ఏ చీర ఏ నిమిషాన బిల్లయిందో కంప్యూటర్లో చూసుకునే మాల్‌కు కరపత్రం మీద ఒక్క అంకె వెయ్యడం కష్టమా? కొన్న సరుకుకు జీఎస్టీ బిల్లుంది. అమ్మిన సరుకుకూ ఉంది. ఆ లెక్క ఎవరికీ తెలియని రహస్యం కాదు.

అమెరికాలో ఉన్న మీ పిల్లల్ని అడగండి. నవంబరులో థాంక్స్‌గివింగ్ మర్నాడు బ్లాక్ ఫ్రైడే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా చేరిన మన విద్యార్థులు సగం ధర లాప్‌టాప్ కోసం చలిలో రాత్రంతా లైన్లో నిలబడేవారు. అక్కడి బెస్ట్ బై లాంటి కొట్ల ప్రకటనల్లో వస్తువు కింద ‘ప్రతి స్టోరులో కనీసం పది’ అన్నట్టు అచ్చేసేవారు. తలుపు తీసే ముందే లైన్లో ఉన్నవారికి వస్తువుకో టోకెన్ పంచేవారు. పదకొండోవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. కిరాణా కొట్లకైతే అక్కడ 1971 నుంచే ఫెడరల్ రూలుంది. ప్రకటించిన సరుకు చాలినంత ఉంచాలి, లేదా పరిమితమని చెప్పాలి, లేదా తర్వాత అదే ధరకు ఇస్తామని చీటీ రాసివ్వాలి. చీటీ సంగతి నాకు బాగా నచ్చింది. మన కొట్లవాళ్ళకూ అదేం కొత్త కాదు, అరువు చీటీలు రాసిన చేతులే కదా. అయితే వాళ్ళను మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. 2008 నవంబరు 28 తెల్లవారుజామున న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో వాల్‌మార్ట్ తలుపులు విరగదోసుకుని వచ్చిన గుంపు కాళ్ళ కింద పడి ఒక ఉద్యోగి చనిపోయాడు. ఆ తర్వాతే, రద్దీ అమ్మకాలకు నంబరున్న చీటీలు గానీ చేతిపట్టీలు గానీ ఇవ్వమని అక్కడి కార్మిక భద్రతా విభాగం గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

ఫోన్లో కొనేవారి సంగతి త్వరగా ముగిస్తాను, అది మీకే ఎక్కువ తెలుసు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి ‘బిగ్ బిలియన్ డే’ పెట్టినప్పుడు వస్తువులు నిమిషాల్లో అయిపోయాయి, ఆర్డర్లు రద్దయ్యాయి. దాన్ని స్థాపించిన ఇద్దరు బన్సల్‌లూ కొన్నవారికి క్షమాపణ ఉత్తరం రాశారు. 2021లో ఒక తరహా ఫ్లాష్ సేల్స్‌ను నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా తెచ్చింది, అది రూలుగా మారలేదు. 2023 నవంబరు 30న మాత్రం ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు వచ్చాయి. పదమూడు రకాల మాయలు చెప్పారు. రెండే గదులున్నాయి, ముప్పైమంది ఇప్పుడే చూస్తున్నారు అని లేని తొందర పెట్టడం వాటిలో ఒకటి. చవక వస్తువు చూపించి, డబ్బు కట్టే వేళకు లేదని చెప్పి ఖరీదైంది అంటగట్టడం ఇంకోటి. చీరల కౌంటరు దగ్గర ఇందాక మనం విన్న సంభాషణకు ఫోన్లో కచ్చితంగా పేరు పెట్టారు. కొట్లో దానికి అంత సూటి పేరు లేదు.

వర్తకుల మాట కూడా వినాలి, లేకపోతే గుమాస్తాగారు ఊరుకోరు. పాతిక చీరలని రాస్తే ఎవరొస్తారండీ అంటారు. వస్తారు, పాతికమందీ తెల్లారకుండానే వస్తారు, మిగతావారు ఇంకో పని చూసుకుంటారు. పక్క కొట్టువాడే మనుషుల్ని పంపి పాతికా కొనేస్తాడంటారు. అది నిజమైన ఇబ్బందే. మనిషికి ఒకటే అని షరతు పెట్టుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు, ఆ షరతునూ తెలుగులో వెయ్యమంటుంది. కొద్ది చీరల మీద నష్టపోవడం మా ప్రకటన ఖర్చండీ, టీవీలో వేసుకునే బదులు జనానికే ఇస్తున్నాం అంటారు. ఈ మాటను నేను ఒప్పుకుంటాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నందిగామలో రెండు గదుల కొట్టునూ, విజయవాడ బందరు రోడ్డు మీద నాలుగంతస్తుల మాల్‌నూ ఒకే తాటిన కట్టకూడదు. చట్టం కూడా వ్యాపారం స్థాయిని చూడమనే అంటుంది. నిజానికి సంఖ్య రాయడం చిన్న కొట్టుకే లాభం. ఇరవై ఉన్నాయని రాసి ఇరవైమందికీ ఇచ్చిన కొట్టు మీద ఊళ్ళో నమ్మకం నిలబడుతుంది. ఎన్నున్నాయో తెలియకుండా వేలమందిని రప్పించే పని చిన్న కొట్టు వల్ల ఎటూ కాదు.

ఇక వకీలుగా మీకు చెప్పవలసిన చేదు సంగతి ఒకటుంది. మన చట్టంలో వినియోగదారుడంటే డబ్బు ఇచ్చి, లేదా ఇస్తానని కొన్నవాడు. ఆ చీర దొరక్క కోపం వచ్చి ఏమీ కొనకుండా తిరిగొచ్చిన మనిషి? ఆమె జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే అవతలి వకీలు మొట్టమొదట లేపే అభ్యంతరం అదే. మీరు కొననే లేదు, వినియోగదారులెలా అవుతారు అంటాడు. దానికి బదులు చెప్పొచ్చు గానీ, మొదటి రోజే ఆ గుంజాటనలో పడతాం. విచిత్రమేమిటంటే, మోసపోయి మూడు రెట్ల ధర చీర కొన్న ఆమెకు దావా సులువు, మోసం పసిగట్టి వెనక్కొచ్చిన ఆమెకు కష్టం.

అలా వెనక్కొచ్చిన వాళ్ళకు ఇంకో దారి ఉంది, దాన్ని వాడేవాళ్ళే తక్కువ. 2019 చట్టం 17వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా కలెక్టరుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కలెక్టరు విచారించి కేంద్ర సంస్థకు నివేదిక పంపొచ్చు. జరిమానా మొదటిసారి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా వెయ్యొచ్చు. మనకు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా కనుక కలెక్టరాఫీసు విజయవాడలోనే ఉంది. కొన్నవారు జిల్లా కమిషన్‌కే వెళ్ళండి. మీరు కాపురముండే జిల్లాలోనే వెయ్యొచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. పరిహారంతో పాటు, తప్పు ప్రకటనకు దిద్దుబాటు ప్రకటన సొంత ఖర్చుతో వేయించమని కూడా అడగండి. ఏ కొట్టయినా దానికి భయపడ్డంత డబ్బుకు భయపడదు. ఫోన్లో చెప్పుకోవాలంటే 1915.

ఈ దసరాకు సంఘం తరఫున కలెక్టరుగారికి ఒక అర్జీ ఇద్దామని కార్యవర్గం అనుకుంటోంది. పండగ ఆఫరు ప్రకటించే పెద్ద కొట్లన్నీ సరుకు సంఖ్యను కరపత్రం మీద వెయ్యాలనీ, తలుపు దగ్గర ఎరువుల కొట్టులా బోర్డు పెట్టాలనీ వ్యాపార సంఘాలను పిలిచి చెప్పమని. కలెక్టరు చెప్తే చట్టమైపోదు, కానీ పండగ రద్దీకి పోలీసుల ఏర్పాటు అడగడానికి ఆ కొట్లు వెళ్ళేదీ అధికారుల దగ్గరికే కదా. అర్జీకి బలం మీరు తెచ్చే కాగితాల్లో ఉంటుంది. కరపత్రం అసలుదే తీసుకురండి, జిరాక్సులో గులాబీ మీద గులాబీ అక్షరాలు అస్సలు పడవు. ఆటో మైకు వినిపిస్తే ఫోన్లో రికార్డు చెయ్యండి. ఇంకోటి, ఆడవాళ్ళు ముఖ్యంగా వినండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మీకు బస్సు ఉచితం కనుక కండక్టరు సున్నా టికెట్టు కొడుతున్నాడు, మీరు దిగగానే దాన్ని పారేస్తున్నారు. దాని మీద తేదీ, టైము, ఎక్కడెక్కి ఎక్కడ దిగారో అన్నీ ఉంటాయి. అది కరపత్రానికి పిన్ను పెట్టి సంఘం ఆఫీసులో ఇవ్వండి.